కొల్లేటికి ఆకాశం రాసిన అడంగల్

2001 ఫిబ్రవరి 9న మన దేశపు ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహం కొల్లేటి మీదుగా పోతూ ఒక చిత్రం తీసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఆ చిత్రాన్ని కంప్యూటర్ మీద గడిగడినీ విడదీసి చదివి, 2004 మే నెల ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఆ లెక్క ప్రకటించారు. సరస్సుగా తాము గుర్తించిన 245 చదరపు కిలోమీటర్లలో 42 శాతం చేపల చెరువులే. మరో ఎనిమిదిన్నర శాతం సాగు, ఎక్కువగా వరిచేలు. నీరున్న చెరువులు 1,050, ఎండి ఉన్నవి ఇంకో 38. మిగిలిన చోటంతా గుర్రపుడెక్క, మనిషెత్తు గడ్డి. గట్టు లేని, కలుపు కప్పని తేటనీరు ఆ చిత్రంలో ఎక్కడా దొరకలేదు.

ఈ సంగతి విన్న చాలామంది కొల్లేరు ఎండిపోయిందని అనుకున్నారు. అదే చిత్రంలో దాదాపు వంద చదరపు కిలోమీటర్ల మేర నీళ్లున్నాయి. ఆ నీళ్లన్నీ చెరువుల్లో ఉన్నాయి. నేను ఏలూరులో ఏళ్ల తరబడి భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మగారి పుట్టినూరు కొల్లేటి గట్టునే. నా పిల్లలకు, నా విద్యార్థులకు చెప్పిన మాటే ఇక్కడా చెబుతాను: కొల్లేరు ఎండలేదు, పంపకాలైంది. ఎవరి వాటాకు వాళ్లు గట్టు వేసుకున్నారు. ఆ పంపకం ఎప్పుడు మొదలైందో, ఎంతదాకా పోయిందో ఏ రిజిస్ట్రారాఫీసులోనూ పూర్తిగా దొరకదు. ఉపగ్రహ చిత్రాల్లో దొరుకుతుంది.

అసలు కొల్లేరు ఎట్లా పుట్టిందో ముందు చెప్పుకోవాలి. కృష్ణ ఒక పక్క, గోదావరి ఒక పక్క వేల ఏళ్లపాటు ఒండ్రు తెచ్చి సముద్రాన్ని వెనక్కి నెడుతూ వచ్చాయి. రెండు డెల్టాల నడుమ పల్లం మిగిలిపోయింది. ఒకప్పుడు సముద్రపు కయ్యగా ఉన్న ఆ పల్లమే తర్వాత మంచినీటి సరస్సైంది. దానికి దక్షిణాన ఉన్న పాత ఇసుక మెరకలు, ఒకనాటి సముద్రతీరం ఎక్కడుండేదో ఇప్పటికీ చెబుతాయి. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడతాయి. పోయేదారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే ఏర్లు నాలుగు, పోయే దారి ఒకటి. కొల్లేటి మంచీ చెడూ అంతా ఈ లెక్కలోనే ఉంది.

రాతలో కొల్లేరు కనిపించడం ఈనాటిది కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో కవి రవికీర్తి, బాదామి చాళుక్యుడు రెండో పులకేశి జైత్రయాత్రను వర్ణిస్తూ, ‘కునాళ’ జలాలు యుద్ధంలో నెత్తుటితో ఎర్రబారాయన్నాడు. చరిత్రకారులు ఆ కునాళను మన కొల్లేరుగా గుర్తించారు. ఆ విజయాల వెనకే వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన మొదలైంది. వేంగి అంటే ఏలూరుకు దగ్గర్లోని నేటి పెదవేగి. అంటే రాజధానికి దక్షిణాన ఈ సరస్సు పెట్టనికోటలా ఉండేదన్నమాట.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. అక్కడ చెప్పుకునే కథ ఒకటుంది. గజపతుల కోట సరస్సు నడుమ లంకలో ఉంటే, శత్రువులు నీళ్లు దాటలేక ఒడ్డునే విడిది చేశారట. చివరికి కొల్లేటి నీటిని సముద్రంలోకి వదిలేసి నడిచిపోదామని కాలవ తవ్వించారట. అదే ఉప్పుటేరు అంటారు. కోటలోని సేనాని తన కూతుర్నే బలిచ్చాడని, అందుకే ఆ కాలవకు పేరంటాలకనుమ అని పేరొచ్చిందని చెబుతారు. ఈ కథలో చరిత్ర పాలు ఎంతైనా కానివ్వండి, ఒక విషయం నన్ను పట్టి నిలుపుతుంది. కొల్లేటి మీద జనం గుర్తుపెట్టుకున్న మొదటి కథే, దాన్ని ఎండగట్టాలన్న ప్రయత్నం గురించి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆర్థర్ కాటన్ పేరు చెబితే మా జిల్లాలో ఈనాటికీ చేతులెత్తి దణ్ణం పెడతారు, పెట్టాల్సిందే. కాని కాలవ నీరు చేనుకు వచ్చాక, చేను వదిలిన నీరు ఎటో పోవాలిగా. ఆ మురుగంతా పల్లానికే, అంటే కొల్లేటికే చేరింది. వానాకాలంలో ఏర్ల వరద, దానికి తోడు డెల్టా మురుగు, కిందికి పోవడానికి సన్నటి ఉప్పుటేరు. అలా కొల్లేరు రెండు డెల్టాలకూ వరద దాచుకునే గాదె అయింది. 1964 ముంపు తర్వాత ఈ డెల్టాల మురుగు సమస్య మీద ఏ.సి. మిత్రా అధ్యక్షతన ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసింది. ఉప్పుటేరు బాగు చేయాలనే మాట అప్పటినుంచీ వింటూనే ఉన్నాం.

ఇంజినీర్లు కొల్లేటిని కాంటూర్లతో కొలుస్తారు. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తు దాకా నీళ్లుంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగులకు 308. పదడుగులకు దాదాపు 900. ఈ మూడు అంకెలూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఏడడుగుల ఎత్తు తేడాలో సరస్సు ఆరింతలకు పైగా విప్పారుతోంది. నేల అంత చదునన్నమాట. ఇలాంటి సరస్సుకు ఒక్క గట్టు చాలు, నీటి నడక మారిపోవడానికి.

పాతకాలపు లంకల వాళ్లు ఈ పెరగడం తగ్గడంతోనే బతికారు. భాద్రపదం నుంచి కార్తీకం దాకా నీళ్లు ఇంటి గుమ్మం దాకా వస్తే దోనెలు, వలలు, మావులు. కొరమేను, మట్టగిడస, జెల్ల, వాలుగ, రొయ్య. మాఘం వచ్చి నీళ్లు తీసేకొద్దీ తేలిన నేలలో వరి. నీళ్లున్నప్పుడు చేప, నేల తేలినప్పుడు పంట. వానల్లో ఎవరిదీ కాని నీరు, వేసవిలో కొందరికి చేను. పక్షులదీ అదే పంచాంగం. 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఈ కొల్లేటి సీమలో గూడబాతుల స్థావరాన్ని కనిపెట్టి లోకానికి చెప్పారు. అప్పట్లో అక్కడ మూడువేల దాకా పక్షులు గూళ్లు పెట్టేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం మాయమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొల్లేటి మీద కొత్త కన్ను పడింది. 1972 జూలై 23న అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను పంపింది. హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ పుట్టింది. 1979 నుంచి షాద్‌నగర్ కేంద్రం ల్యాండ్‌శాట్ చిత్రాలను నేరుగా అందుకోవడం మొదలుపెట్టింది. 1988లో మన సొంత ఐఆర్‌ఎస్-1ఎ వెళ్లింది.

నేను పిల్లలకు దీన్ని అడంగల్‌తో పోల్చి చెప్పేవాణ్ణి. ఊళ్లో కరణం ఫసలీ ఫసలీకీ ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, ఎవరి సాగులో ఉంది అని రాసేవాడు. 1984లో మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ రద్దైంది. అదే ఏడాది మార్చి 1న ల్యాండ్‌శాట్-5 ఆకాశంలోకి వెళ్లి, పదహారు రోజులకోసారి ఇదే నేల మీదుగా తిరుగుతూ పాతికేళ్లకు పైగా రాస్తూ పోయింది. ఆ కరణానికి ఎవరి మొహమాటమూ లేదు.

అయితే చూపు మొదట్లో మందం. తొలి ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక గడి అంటే సుమారు 80 మీటర్లు, మన లెక్కలో ఎకరంన్నర పైమాట. అంతకంటే చిన్నది ఏదున్నా దానిలో కలిసిపోతుంది. 2001 నాటి చిత్రం తీసిన లిస్-3 కెమెరాకు గడి 23.5 మీటర్లు, అంటే పదమూడు పద్నాలుగు సెంట్లు. 2015లో యూరప్ పంపిన సెంటినెల్-2కు గడి పది మీటర్లు, రెండున్నర సెంట్లు. ఈరోజు చేపల చెరువు గట్టు మీద పొక్లెయిన్ కొత్తగా మట్టి పోస్తే, వారం పదిరోజుల్లో పైనుంచి తెలిసిపోతుంది.

మధ్యలో కింద జరిగింది ఇది. 1970ల నడుమ, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నకాలంలో, లంకల పేదలకు బతుకుతెరువు చూపాలని ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. శీలావతి, బొచ్చె బాగా పెరిగాయి. ఐసు పెట్టెలతో లారీలు హౌరా దారి పట్టాయి. ఎకరం వరిలో కళ్లచూడని డబ్బు చెరువులో వచ్చేసరికి పెట్టుబడి బయటినుంచి వచ్చి వాలింది. సంఘం పేరున ఉన్న చెరువు లీజుకు పోయింది. పక్కనే పట్టా లేని చెరువులు లేచాయి. 1990ల్లో ఇది ఆపేవాళ్లు లేని పరుగైంది.

2001 లెక్కను నేను నాదైన పద్ధతిలో ఒకసారి విడదీసి చూశాను. ఆ చెరువులన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో పాతికవేల పైమాట. 1,088 చెరువులకు పంచితే ఒక్కోటి సగటున 23 ఎకరాలు. ఇరవైమూడెకరాలకు నాలుగువైపులా లారీ నడిచేంత గట్టు పోయాలంటే యంత్రాలు కావాలి, లక్షల పెట్టుబడి కావాలి. కొల్లేట్లో వల వేసి బతికే వడ్డీల కుటుంబం గమేళాతో మట్టి మోసి చేసే పని కాదది. ఉపగ్రహం ఎవరి పేరూ రాయదు. కాని చెరువు ఎంత పెద్దదో చూపించి, దాని వెనక ఎంత పెట్టుబడి ఉందో చెప్పకనే చెబుతుంది.

ఆ చిత్రాన్ని చదవడానికి కొంత చదువు, దానికి మించి స్థానికుల సాయం కావాలి. అందులో రంగులు మన కంటికి కనపడే రంగులు కావు. పచ్చటి ఆకు పరారుణ కాంతిని బలంగా తిప్పికొడుతుంది, ఆ కాంతికి ఎరుపు వేస్తారు. కాబట్టి ఏపుగా ఉన్న పైరు ఎర్రగా కనిపిస్తుంది. నీరు ఆ కాంతిని మింగేస్తుంది, అందుకని తేటనీరు నల్లగా, బురదనీరు లేత నీలంగా ఉంటాయి. చిక్కంతా ఎరుపులోనే. వరీ ఎరుపే, గుర్రపుడెక్కా ఎరుపే. అచ్చేసిన చిత్రం ఒకటి పట్టుకుని కొల్లేటికోట వైపు ఒక వడ్డీల పెద్దాయనకు చూపించాను. దిక్కులు చెప్పాక ఆయన దాన్ని నిమిషంలో పట్టేశాడు.

“బాబాయ్, ఈ ఎర్రటిదంతా చేనేనా?” అనడిగాను.

“ఇక్కడ చేనెక్కడిదండీ మాస్టారూ, మొలలోతు నీళ్లు! ఇది కిక్కిస. ఆ పక్కన వత్తుగా ఉందే, అది డెక్క. దాని మీద దోనె నడవదు. నడవకే మా వాళ్లు అటు వల వెయ్యడం మానేశారు,” అన్నాడు.

శాస్త్రవేత్తలు కింద నేల మీదికి వెళ్లి సరిచూసుకోవడం అంటే ఇదే. రంగు చిత్రంలో ఉంటుంది. ఆ రంగు దేనిదో లంకల వాళ్లకు తెలుసు. చెరువును గుర్తుపట్టడానికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. ఏరు గీసిన గీత వంకర, మనిషి గీసిన గీత తిన్నన. పలకల్లా పేర్చినట్టున్న దీర్ఘచతురస్రాలన్నీ చెరువులే.

రుతువు కూడా చూసుకోవాలి. కార్తీకంలో తీసిన చిత్రం చూపించి కొల్లేరు నిండుగా ఉందనేవాళ్లున్నారు. వైశాఖంలో తీసింది చూపించి సరస్సు చచ్చిపోయిందనేవాళ్లూ ఉన్నారు. వరదేడూ కరువేడూ పక్కపక్కన పెట్టి పోల్చినా తప్పుడు తీర్పే వస్తుంది. ఒకే నెల చిత్రాలను, వరసగా చాలా ఏళ్లవి పేర్చి చూస్తే వాన చేసిన మార్పు ఏదో, గట్టు చేసిన మార్పు ఏదో విడివిడిగా తెలుస్తుంది. వాన చేసిన మార్పు మరుసటేడు పోతుంది. గట్టు చేసింది పోదు.

ఈలోగా చట్టం కూడా గీత గీసింది. 1999లో ఐదో కాంటూరు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో కొల్లేరు రాంసర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల దరిమిలా 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లను పొక్లెయిన్లతో కొట్టేశారు. ఆ ముందూ తర్వాతా తీసిన చిత్రాలు పక్కపక్కన పెడితే పలకలు చెరిగిపోయి, నీరు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పారడం కనిపిస్తుంది. కొల్లేరు మళ్లీ సరస్సు రూపు ఎత్తుకున్న రోజులవి.

ఆ రోజుల్లో లంకల్లో పడ్డ కష్టం నేను కళ్లారా చూశాను. చెరువుల మీద కూలి చేసుకునేవాళ్లకు ఒక్కసారిగా పని పోయింది. ఐదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న రైతు తన భూమి మీద తనకే హక్కు లేకుండా అయిందని కుమిలాడు. లీజుదారుడు పెట్టుబడి తీసుకుని ఇంకో ఊరికి పోయాడు, లంకవాడు ఎక్కడికి పోతాడు? ఈ బాధను ఆసరా చేసుకునే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలనే మాట బలపడింది. 2008లో శాసనసభ ఆ మేరకు తీర్మానం చేసింది. కేంద్రం పి.ఎ. అజీజ్ అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం కుదింపును సమర్థించలేదు. 308 నుంచి 135కు దిగితే చేతికొచ్చే నేల ఎంతో, వరద వేళ నీటికి లేకుండా పోయే చోటూ అంతే.

చెరువులు మళ్లీ వచ్చాయి. కొన్ని పాత గట్ల పునాదుల మీదే లేచాయి. ఈ సంగతీ దాచడానికి వీల్లేదు, ఎందుకంటే 2008 నుంచి ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ ఎవరికైనా ఉచితం. మన ఇస్రో వారి ‘భువన్’ 2009లో వచ్చింది. ఒకప్పుడు ఒక్క చిత్రం కావాలంటే హైదరాబాదుకు రాసి, డబ్బు కట్టి, నెలల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు జర్మనీలోని మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో కూర్చుని మీనాకుమారి కొల్లి, ఆమె సహ పరిశోధకులు గూగుల్ ఎర్త్ ఇంజిన్ మీద ల్యాండ్‌శాట్ చిత్రాలతో కొల్లేటి భూవినియోగం ఎలా మారుతూ వచ్చిందో గుర్తించి 2020లో ప్రకటించారు. చెరువు గట్ల అంచులను యంత్రమే గుర్తుపట్టే పద్ధతి కూడా తర్వాత తెచ్చారు. 2025లోనూ కొల్లేరు ఆక్రమణల వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి అందరికీ తెలుసు. ఆ నీరు చేరాల్సింది కొల్లేటికే. మబ్బులు కమ్మినప్పుడు మామూలు కెమెరా పనిచేయదు. రాడార్ ఉపగ్రహం తన తరంగాలను తానే పంపి, మబ్బులోంచి కూడా నీటిని పసిగడుతుంది. అలాంటి వరద చిత్రాల్లో కొల్లేరు తన పాత ఒళ్లు విరుచుకుంటుంది. ఎక్కడ గట్టు అడ్డొచ్చిందో అక్కడ నీరు పక్క ఊరి మీదికి తిరుగుతుంది. సరస్సుకు చోటు తగ్గిస్తే ఊళ్లకు ముంపు పెరుగుతుందని ఏళ్లుగా చెబుతూ వచ్చిన పాఠానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

పైనుంచి కనపడనివీ ఉన్నాయి. ఎంత లోతున ఒండ్రు పేరుకుందో ఈ చిత్రాలు చెప్పవు. గట్టు ఎవరిదో, కౌలు ఎవరికి పోయిందో, ఏ గడపలో పొయ్యి వెలగలేదో చెప్పవు. మట్టగిడస దొరక్క పట్నం కూలికి పోయిన కుర్రాణ్ణి చూపవు. అందుకే ఉపగ్రహ చిత్రాన్ని కోర్టు ఫైలులోనూ పరిశోధన పత్రికలోనూ మాత్రమే ఉంచితే సగం పనే అవుతుంది. మిగతా సగం లంకల వాళ్ల నోట్లో ఉంది.

నేను కోరేది ఒకటే. 2022 జిల్లాల విభజనతో కొల్లేట్లో ఎక్కువ భాగం ఏలూరు జిల్లా కిందికి వచ్చింది. అంతకుముందు సరస్సును పంచుకున్న రెండు జిల్లాల మధ్య బాధ్యత జారిపోయిందన్న సాకు ఇక చాలావరకు లేదు. ఏటా మాఘమాసంలో తీసిన కొల్లేటి చిత్రాన్ని, దాని మీద ఐదో కాంటూరు గీతను స్పష్టంగా గీసి, ప్రతి లంక పంచాయతీ గోడ మీదా, బళ్లోనూ పెట్టాలి. పక్కన కిందటేటి చిత్రం ఉండాలి. కొత్తగా ఏ పలక పుట్టిందో పదో తరగతి పిల్లవాడు వేలు పెట్టి చూపించగలడు. ఆ పలక ఎవరిదని గ్రామసభలో వాడి తాత అడగగలడు. అడంగల్ ఊరందరికీ తెలిసి ఉన్నన్నాళ్లూ ఒకడి పొలం ఇంకొకడు దున్నుకోవడం కష్టమయ్యేది. కొల్లేటి లెక్క కూడా కొల్లేటి వాళ్ల చేతికి రావాలి. జిరాయితీ రైతుకు న్యాయమైన పరిహారం, వడ్డీలకు తెరిచిన నీటిలో వేట హక్కు, ఈ రెండూ ఆ లెక్కతో పాటే రావాలి. అవి లేకుండా గట్లు కొట్టినన్నిసార్లూ మళ్లీ లేస్తాయి. వాటితో కలిపి చేస్తే, ఐదో కాంటూరును కాపాడే బాధ్యత తమదేనని లంకల వాళ్లే అనుకుంటారు.